ఊరి చరిత్రకు స్కాన్ చేసిన పాత పత్రాలు చాలునా?

పాలమూరు పాఠకుడు:
జడ్చర్ల దగ్గరి మా ఊరి చరిత్ర రాయాలని నలుగురం కూడి పని మొదలుపెట్టాము. గ్రంథాలయాలు పాత పత్రికలనూ పత్రాలనూ స్కాన్ చేసి అంతర్జాలంలో ఉంచుతున్నాయి కనుక ఇక వాటితోనే పని జరిగిపోతుందని ఇద్దరు అంటున్నారు. ఊరి పెద్దలను అడగకుండా రాసేది చరిత్ర కాదని మిగిలిన ఇద్దరం అంటున్నాము. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వనపర్తి మాస్టారు:
చాలునని నా అభిప్రాయం. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక సంచిక ఒకటి చూడాలంటే ఒకప్పుడు హైదరాబాదుకు పోయి, అనుమతి తీసుకొని, పెళుసెక్కిన కాగితాన్ని భయంభయంగా తిప్పవలసి వచ్చేది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో జవాబు చెప్పిన గోలకొండ కవుల సంచిక వంటి పుస్తకం ఇవాళ బడిపిల్లల ఫోనులో తెరుచుకుంటున్నది. దీనిని తక్కువ చేయడం న్యాయం కాదు.

నల్లగొండ వాసి:
మాస్టారు గారు చెప్పిన మేలును నేను కాదనను. దానివల్లనే నేనూ ఈ పనిలోకి వచ్చాను. అయితే పుట కనబడినంత మాత్రాన అది ఏమిటో తెలిసినట్లు కాదు. నిరుడు ఒక గ్రంథాలయ సేకరణలో మా తాలూకా నుంచి వెట్టిచాకిరీ మీద పెట్టుకున్న ఉర్దూ అర్జీ ఒకటి దొరికింది. పట్టికలో సంవత్సరం 1928 అని ఉన్నది. పుటను పెద్దది చేసి చూస్తే పైన 1346 అంకెలూ, పక్కనే ‘ఫసలీ’ (నిజాం రాజ్యంలో శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) అన్న మాటా ఉన్నాయి. పట్టిక రాసినవారు దానిని ముస్లిముల హిజ్రీ సంవత్సరంగా లెక్కగట్టారు. నిజాం రాజ్యపు ఫసలీకి 590 కలపాలి. అంటే ఆ అర్జీ 1936 అక్టోబరుకూ 1937 అక్టోబరుకూ నడుమ రాసినది. 1930లో జోగిపేటలో, నిజాం రాజ్యపు తెలుగువారి హక్కుల కోసం పనిచేసిన ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడకముందటిది అనుకున్న కాగితం ఆ తరువాతిదని తేలితే, ఆ అర్జీదారుల ధైర్యాన్ని మనం అర్థం చేసుకునే తీరే మారిపోతుంది. పైగా అందులోని ఊరి పేరును ఉర్దూ లిపిలో రెండు తీర్లుగా చదవవచ్చు. అర్జీలో ఉన్న కుంట పేరును ఒక ముసలమ్మ గుర్తుపట్టి చెబితే గానీ అది ఏ ఊరో తేలలేదు.

వెతుకులాట మరో చిక్కు. నల్గొండ అని కొడితే నల్లగొండ రాదు, దాని పాత పేరు నీలగిరి అసలే రాదు. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఇక్కడి నుంచి నడిపిన పత్రిక పేరే నీలగిరి.

వనపర్తి మాస్టారు:
ఫసలీ మాట ఒప్పుకుంటున్నాను. అయినా ఆ పొరపాటు మీ కంటబడింది స్కాన్ ఉండబట్టే కదా? కాగితం బీరువాలోనే ఉంటే పట్టికలోని 1928నే అందరమూ నమ్మేవాళ్లము.

నల్లగొండ వాసి:
నిజమే, ఆ మాట నాకు తట్టలేదు. స్కాన్ అయింది గనుక పని అయిపోయిందని చేతులు దులుపుకోవడమే నాకు బాధ కలిగిస్తున్నది. పాలమూరు పాఠకుడు గారూ, మీ ఊరి పాత పేర్లనూ చెరువుల, కుంటల, దేవతల పేర్లనూ ముందుగా పెద్దల దగ్గర రాసుకొని, ఆ పేర్లతో వెతకండి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది కనుక రెండు పేర్లతోనూ చూడండి. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పెద్దలు మీ దిక్కున ఎవరైనా ఉంటే, ఆ పుటలను అచ్చు తీసుకొని ఈ నెలలోనే వారి దగ్గరికి వెళ్లండి.