కేబిన్ నిర్వహణ ఖర్చు తగ్గాలంటే సీట్లో సామాను తగ్గించాలా, మరమ్మతు పెంచాలా?

గోదారిగట్టు

విమానాల ఖర్చు అనగానే ఇంధనం, ఇంజిన్లు, లీజు అద్దె గురించే మాట్లాడుకుంటాం. కేబిన్ సంగతి ఎవరికీ పట్టదు. సీటు కవర్లు, కుషన్లు, ట్రే టేబుళ్లు, ఆర్మ్‌రెస్టులు, కార్పెట్, టాయిలెట్లు, తల మీది బిన్ల తలుపులు: రోజూ వందల చేతులు పడేది వీటి మీదే. నేను విమానయాన రంగంలో జమాఖర్చులు చూసేవాణ్ణి. నా వాదన సూటిగా చెబుతాను. చెడిపోయే వస్తువు అసలు లేకపోతే దానికి మరమ్మతూ ఉండదు.

ఐర్లాండ్‌కు చెందిన చవక టికెట్ల సంస్థ ర్యాన్‌ఎయిర్ నడిపే బోయింగ్ 737-800 విమానాలు చూడండి. సీటు వెనక్కి వాలదు. ముందు సీటుకు జేబు ఉండదు. భద్రతా సూచనలు సీటు వీపుకే అతికించి ఉంటాయి. వాలే సీటులో లాక్ పాడవుతుంది, కేబుల్ తెగుతుంది, బటన్ లోపలికి దిగబడిపోతుంది. వాలని సీటుకు ఈ మూడు బాధలూ లేవు. జేబు లేదు కాబట్టి అందులో చెత్త లేదు, శుభ్రం చేసి 25 నిమిషాల్లో మళ్లీ పంపేస్తారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా 2017లో తన కొత్త 737 మ్యాక్స్‌లలో సీటు వీపుకు టీవీ తెరలు పెట్టబోనని ప్రకటించింది. ప్రయాణికుల చేతిలో ఫోన్ ఉండగా తెరలెందుకు అన్నది వారి లెక్క. హైదరాబాద్ నుంచి విశాఖకు గంట పైచిలుకు ప్రయాణం. అంత మాత్రానికి వాలే సీటు, జేబు, తెర అవసరమా? తీసేస్తే నష్టమేమిటో చెప్పండి.

పాలమూరు_దుబాయ్

అన్నా, విశాఖ మాట సరే. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు, జెడ్డా ఐదు దాటుతది. మా దిక్కు మేస్త్రీలు, డ్రైవర్లు పని దిగి అట్లనే రాత్రి విమానం ఎక్కుతరు. పొద్దున విశాఖ పోయిన విమానమే రాత్రి గల్ఫ్‌కు పోతది. మరి సీటు ఏ ప్రయాణం చూసి పెట్టాలె? ఖర్చు తగ్గించుడంటే ముందు మా నడుము మీదికే వస్తరు.

గోదారిగట్టు

ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఏటీఆర్ 72ల్లాంటి చిన్న విమానాలు గల్ఫ్‌కు వెళ్లవు కదా. కనీసం వాటిలోనైనా మొదలుపెట్టవచ్చు. టికెట్ ధర తగ్గితే అదీ ప్రయాణికుడికే.

నైట్‌షిఫ్ట్

గోదారిగట్టు గారూ, మీరు పైనుంచి చూస్తున్నారు, నేను కింద నుంచి చూస్తాను. లైన్ మెయింటెనెన్స్‌లో ఇంజనీరుని. రాత్రి పది తర్వాత విమానాలు వచ్చి నిలబడితే తెల్లవారేలోగా సరిచేసి పంపడం మా పని.

సీటు మీద పెట్టే ఖర్చు కంటికి కనబడుతుంది. నేల కింద పెరిగే ఖర్చు కనబడదు, అసలు పెద్దది అదే. సీట్లు బిగించే ట్రాక్‌లు చాలా విమానాల్లో అల్యూమినియంవి. టీ, కూల్‌డ్రింకు, పచ్చడి ఊట, టాయిలెట్ గుమ్మం దగ్గర నీళ్లు, ఇవన్నీ కార్పెట్ కిందికి దిగి అక్కడే ఉండిపోతాయి. కూల్‌డ్రింకులో ఆమ్లం, పచ్చడిలో ఉప్పు. సి చెక్‌కు, అంటే హ్యాంగర్‌లో చేసే పెద్ద తనిఖీకి, వచ్చినప్పుడు సీట్లు ఊడదీసి కార్పెట్ ఎత్తితే ట్రాక్ పక్కన తెల్లటి పొడి కనిపిస్తుంది. అది తుప్పు. దాన్ని పూర్తిగా తీసేసి, మిగిలిన లోహం మందం కొలుస్తాం. పరిమితి దాటిందా, ఆ ముక్క కోసేసి కొత్తది అతకాలి. గ్యాలీ (విమానంలో వంటగది) కిందో టాయిలెట్ కిందో అయితే నేల దూలాల దాకా పాకుతుంది. గ్యాలీ మొత్తం ఊడదీస్తే తప్ప అక్కడికి చెయ్యి పోదు. అలా హ్యాంగర్‌లో అదనంగా నిలబడిన ప్రతి రోజుకూ లీజు అద్దె నడుస్తూనే ఉంటుంది, టికెట్ల ఆదాయం మాత్రం ఉండదు.

దీన్ని ఆపే పనులు చాలా చవక. గ్యాలీ ముందు, టాయిలెట్ ముందు కార్పెట్ బదులు నీరు పీల్చని ఫ్లోరింగ్ వేసి అంచులు సీలెంట్‌తో మూయాలి. ట్రాక్ కవర్ వదులైతే ఆ రాత్రే మార్చాలి. ఫలానా వరుసలో ఒలికిందని క్రూ రాస్తే ఆ రోజే కార్పెట్ ఎత్తి ఆరబెట్టాలి. మీరు సీటు జేబు తీసేస్తే ఈ తుప్పు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. పైగా జేబులో పెట్టే సీసా నేల మీదికి వస్తుంది.

రెండోది వాయిదాలు. ఏ వస్తువు పనిచేయకపోయినా ఎన్నాళ్లు ఎగరవచ్చో ఎంఈఎల్ (కనీస పరికరాల జాబితా) చెబుతుంది. ప్రయాణికుల సీటు సాధారణంగా డి వర్గంలో ఉంటుంది, అంటే 120 రోజులు. ఎవరూ కూర్చోకుండా మూసేసి పంపవచ్చు. భద్రతకు లోటు ఉండదు కాబట్టే అంత గడువు ఇచ్చారు. కానీ గడువు ఉంది కదా అని స్పేర్ ఆర్డర్ పెట్టడం ఆలస్యం చేస్తారు. ఈలోగా ఆ సీటు అమ్ముడుపోదు. చివరికి పక్క విమానం నుంచి ఊడదీసి పెట్టమంటారు, దాన్ని మేం రాబ్ చేయడం అంటాం. ఒక పనికి రెండు విమానాల్లో చెయ్యి పెట్టాలి, ఊడదీసేటప్పుడు పాత క్లిప్పులు విరుగుతాయి. ఒక స్నాగ్ (లోపం) కాస్తా రెండవుతుంది.

వాయిదా వేస్తూ పోతే ఎక్కడ తేలుతుందో ఎయిర్ ఇండియాలో అందరూ చూశారు. 2022 జనవరిలో టాటాల చేతికి వచ్చేసరికి పెద్ద విమానాల్లో విరిగిన సీట్లు, వెలగని తెరలు. ఆ ఏడాది డిసెంబరులో 27 బోయింగ్ 787లు, 13 బోయింగ్ 777ల లోపలి భాగాలు పూర్తిగా మార్చడానికి 40 కోట్ల డాలర్లు ప్రకటించారు. విమానానికి సగటున కోటి డాలర్లు. తర్వాత సీట్ల సరఫరాలోనే జాప్యం జరిగి ఆ పని ఏళ్లు సాగింది. వేళకు స్పేర్లు కొని ఉంటే అంతా ఆదా అయ్యేదని నేను అనను, పాత నమూనా సీట్లు ఎప్పటికైనా మార్చాల్సిందే. కానీ మారే రోజు వచ్చేదాకా వాటిని పనిచేయించే ఖర్చు దీనిముందు ఎంత?

గ్యాలీలో_నేను

క్రూ వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి. నైట్‌షిఫ్ట్ గారు అన్న "ఒలికింది" అనే ఎంట్రీ చాలాసార్లు రాయబడదు. దిగేలోగా మాకు తలుపులు, బండ్లు, ప్రయాణికులు, తర్వాతి సెక్టారు (ప్రయాణం) లెక్కలు ఉంటాయి. ఆర్మ్‌రెస్ట్ వదులైంది, ట్రే ఒకవైపు వంగింది లాంటివి రాయాలంటే కేబిన్ లాగ్‌బుక్ తెరిచి పూర్తి వాక్యాలు రాయాలి. ట్యాబ్‌లో సీటు నంబరు నొక్కి బొమ్మ మీద వేలు పెడితే చాలు అన్న ఏర్పాటు ఉన్నచోట చిన్నవి చిన్నగా ఉన్నప్పుడే బయటపడతాయి. అలా రాసిన రోజున ట్రేకు ఒక స్క్రూ బిగిస్తే సరిపోతుంది. రాయకపోతే నాలుగు వారాల తర్వాత ట్రే మొత్తం మార్చాలి.

ఇక టాయిలెట్లు. 2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఎయిర్ ఇండియా 126 విమానం దారిలోంచి మళ్లీ షికాగోకే వెళ్లాల్సి వచ్చింది. 12 టాయిలెట్లలో 8 పనిచేయలేదు. పైపుల్లో పాలిథీన్ సంచులు, గుడ్డలు, బట్టలు ఇరుక్కున్నాయని సంస్థ ప్రకటించింది. విమానం టాయిలెట్ గాలి పీల్చే ఒత్తిడితో లాగేస్తుంది, పైపు సన్నం, ఒకచోట అడ్డుపడితే దానికి కలిసిన వరుస మొత్తం ఆగిపోతుంది. ఇందులో ప్రయాణికులను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. మొదటిసారి ఎక్కేవాళ్లు ఉంటారు, చెత్తబుట్ట మూత ఎక్కడుందో తెలియదు, రాసింది ఇంగ్లిషులో ఉంటుంది. గల్ఫ్ విమానాల్లో బొమ్మతో, తెలుగులో, హిందీలో పెద్దగా రాసి అతికించమని మేము చాలాసార్లు అడిగాం. స్టిక్కర్ ఖరీదెంత?

పాలమూరు_దుబాయ్

అక్కా, ఇది నిజం. మా అమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు లోపల తలుపు గడియ ఎట్ల తీయాల్నో తెల్వక భయపడ్డది. చెప్పేటోళ్లు ఉంటే మనిషి ఎందుకు పాడుచేస్తడు?

బాలానగర్_అచ్చు

మాది బాలానగర్‌లో ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్. ఆటో విడిభాగాలు, వైద్య పరికరాల డొక్కులు చేస్తాం. ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న నాది. ఆర్మ్‌రెస్ట్ చివరి మూత, ట్రే గొళ్లెం, బటన్ చుట్టూ ఉండే రింగు... ఇవి ఏమంత గొప్ప వస్తువులు? విదేశంలో ఒక్కరే చేస్తారు, వాళ్లకు తీరిక దొరికినప్పుడు పంపుతారు, చెప్పిన ధర ఇవ్వాలి. మాకు నమూనా ఇస్తే వారంలో అచ్చు తయారుచేస్తాం. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి మరమ్మతు కేంద్రం ఉంది, మా షెడ్ నుంచి గంట దూరం. ఎందుకు ఇక్కడ చేయనివ్వరు? గోదారిగట్టు గారు సామాను తీసేయమంటున్నారు, నేను సామాను చవగ్గా చేస్తానంటున్నాను.

లీజుకాగితం

బాలానగర్ గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ అడ్డుగోడ ఎందుకు కట్టారో ముందు చెప్పాలి, లేకపోతే ఇది విదేశీ కంపెనీల గుత్తాధిపత్యం ఒక్కటే అనిపిస్తుంది.

1985 ఆగస్టులో మాంచెస్టర్‌లో బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ 737 రన్‌వే మీదే ఇంజిన్ పగిలి కాలిపోయింది. 55 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, కేబిన్లో నిండిన విషపు పొగ. సీటు కుషన్ చుట్టూ మంటను అడ్డుకునే పొర ఉండాలన్న నిబంధన ఆ దశాబ్దంలోనే అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కుషన్‌ను కిరోసిన్ బర్నర్ మంటలో 2 నిమిషాలు పెట్టి చూస్తారు. బరువు 10 శాతానికి మించి తగ్గకూడదు. కవరు, పొర, ఫోమ్ కలిపి ఒక జతగా పరీక్షిస్తారు, కాబట్టి కవర్ గుడ్డ మారిస్తే పాత పరీక్ష చెల్లదు. కొన్ని గుడ్డలకు మంట అంటని రసాయనం పూసి ఉంటుంది, ఉతికిన కొద్దీ అది పోతుంది. అందుకే ఎన్ని ఉతుకుల దాకా వాడవచ్చో లెక్క రాసుకోవాలి. ఖర్చు తగ్గించాలని మామూలు లాండ్రీకి వేస్తే పోయేది మురికి ఒక్కటే కాదు.

పరీక్ష కాగితం అబద్ధమైతే ఏమవుతుందో 2010లో బయటపడింది. జపాన్‌కు చెందిన కోయిటో అనే సీట్ల కంపెనీ బలం పరీక్షలు, మంట పరీక్షల ఫలితాలు తారుమారు చేసింది. దాదాపు 1,000 విమానాలు, 1,50,000 సీట్లు. పేరున్న కంపెనీయే ఆ పని చేసింది. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 కాలిపోతుంటే 379 మంది ప్రాణాలతో బయటపడ్డారు. ప్రధానంగా అది సిబ్బంది చలవ. అయినా లోపలి వస్తువులు నిమిషాల్లో అంటుకొని ఉంటే వాళ్లకు ఆ వ్యవధి దక్కేది కాదు.

రెండో అడ్డంకి నా రోజువారీ పని. మన దేశంలో ఎగిరే విమానాల్లో చాలా భాగం లీజువి. తిరిగి అప్పగించే రోజున ప్రతి భాగానికీ అది వాడకానికి తగినదని చెప్పే విడుదల పత్రం అడుగుతారు. సీటు కంపెనీది కాకుండా వేరే అనుమతి పొందిన తయారీదారుది పెడితే, చట్టప్రకారం సరైనదే అయినా, ఒప్పందంలో దానికి ఒప్పుకోని, విమానాలు లీజుకిచ్చే సంస్థలు ఉంటాయి. అప్పుడు మళ్లీ అసలుది కొని పెట్టాలి. ర్యాన్‌ఎయిర్ తన విమానాల్లో ఎక్కువ భాగం సొంతానికి కొనుక్కుంది, లోపల ఏం తీసినా అడిగేవాడు లేడు. గోదారిగట్టు గారి ఉదాహరణ ఇక్కడికి నేరుగా సరిపోకపోవడానికి ఇదొక కారణం.

గోదారిగట్టు

లీజు సంగతి ఒప్పుకుంటాను, కానీ కొత్తగా ఆర్డరిచ్చే విమానాలకు అది వర్తించదు. తయారయ్యేటప్పుడే వాలని సీటు ఎంచుకుంటే అప్పగింతలోనూ అదే ఉంటుంది. పన్ను సంగతి కూడా ఒకటుంది. మరమ్మతు సేవల మీద జీఎస్టీ 2020లో 18 నుంచి 5 శాతానికి తగ్గింది. విడిభాగాల దిగుమతి మీద 2024 జులై నుంచి ఒకే రేటు, 5 శాతం. అంటే బయటి నుంచి తెచ్చుకోవడం మునుపటికంటే తేలికైంది. ఇక్కడ తయారుచేసినా ధరలో తేడా అంతగా కనిపించకపోవచ్చు.

బాలానగర్_అచ్చు

ధర కంటే వేచి చూసే కాలమే పెద్దది కదండీ. నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన 120 రోజులు మీకు సీటు అమ్ముడుపోని రోజులు. పన్ను తగ్గినంత మాత్రాన పార్శిల్ త్వరగా రాదు. కాలిపోయే సరుకు చేస్తానని నేను అనలేదు. పరీక్షకు పెట్టండి, నెగ్గితే తీసుకోండి.

నైట్‌షిఫ్ట్

బాలానగర్ గారి వైపే నా ఓటు, ఒక షరతుతో. అన్ని భాగాలకూ ఒకే పరీక్ష లేదు. గోడ ప్యానెళ్లు, బిన్ల లాంటి పెద్ద ఉపరితలాలకు ఎంత వేడి వెలువడుతుందో కొలిచే కఠినమైన పరీక్ష ఉంది. గుబ్బలు, పిడులు, క్లిప్పులు, రోలర్ల లాంటి చిన్నవి మంట వ్యాపించడానికి పెద్దగా కారణం కావని నిబంధనల్లోనే సడలింపు ఉంది. మా దగ్గర ఎక్కువగా విరిగేవి సరిగ్గా అవే. కానీ తల తగిలే చోట, నడవలో కాలు తగిలే చోట ఉండేవాటిని ముట్టుకోవద్దు. అవి సీటు ఢీకొనే పరీక్షల్లో భాగం.

అబుధాబిలో ఎతిహాద్ ఇంజనీరింగ్ యూరప్ భద్రతా సంస్థ అనుమతితో కేబిన్ భాగాలను 3డీ ప్రింటర్ మీద చేస్తోంది. వాళ్లకు దారి దొరికింది ప్రింటర్ వల్ల కాదు. డిజైన్ చేసి సంతకం పెట్టే అధికారం ఒకే కప్పు కింద ఉండటం వల్ల. బాలానగర్‌లో అచ్చు ఉంది, శంషాబాద్‌లో హ్యాంగర్ ఉంది, మధ్యలో ఆ సంతకం పెట్టే డిజైన్ సంస్థ కావాలి. ఒక్క మూత కోసం ఎవరూ ఆ ఖర్చు పెట్టరు. రెండు మూడు విమానయాన సంస్థలు కలిసి ఒకే రకం సీటుకు ముప్పై నలభై చిన్న భాగాలు ఒకేసారి అనుమతికి పెడితే లెక్క కుదురుతుంది.

గ్యాలీలో_నేను

ఆ జాబితాలో ట్రే గొళ్లెం మొదట రాయండి. అది విరిగితే టేకాఫ్‌కు ట్రేను టేపు వేసి ఆపాలి, ఆ వరుసవాళ్లకు ప్రయాణమంతా భోజనం ఒళ్లో పెట్టుకోవడమే.

లీజుకాగితం

జాబితా ఖరారు చేసేముందు ఆ విమానాలు లీజుకిచ్చిన సంస్థలకు రాతపూర్వకంగా పంపి సమ్మతి తీసుకోండి. చిన్న ప్లాస్టిక్ భాగాలకైతే ముందుగా అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. బిగించాక అడిగితే ఒప్పుకోరు. ఏయే లీజుల్లో ఆ నిబంధన ఎలా రాస్తారో, పేర్లు తీసేసి, ఒక పట్టికగా రేపు ఇక్కడే పెడతాను.

బాలానగర్_అచ్చు

పెట్టండి. నైట్‌షిఫ్ట్ గారూ, మీరు పారేసే విరిగిన గొళ్లేలు నియమాల ప్రకారం పనికిరాకుండా చేశాక నాకు చూసే వీలుంటే చెప్పండి. విరుపు ఏ మూల నుంచి మొదలైందో చూస్తే పదార్థం తప్పా, మందం తప్పా అన్నది తెలుస్తుంది.