మేనేజర్, ఆయన టీమ్ ఒకే ఇంగ్లీష్ బ్యాచ్‌లో కూర్చోవాలా?

పరవాడ ట్రైనర్:
విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్యూసీ ల్యాబ్ (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) వాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ రాబోతోంది, అందుకే ఈ క్లాసు. జనరల్ షిఫ్ట్ అయ్యాక మొదలుపెట్టి, స్టాఫ్ బస్సు కదిలేలోపు ముగించాలి. ఆలస్యంగా రావడం, మధ్యలో ఫోన్లు, హోంవర్క్ చేయకపోవడం ఎలాగోలా సర్దుకుంటాను. సర్దుకోలేనిది ఒకటే. ల్యాబ్ హెడ్ గారినీ ఆయన కింద పనిచేసే అనలిస్టులనీ హెచ్‌ఆర్ ఒకే బ్యాచ్‌లో వేసింది. ఏం అడిగినా అందరూ ముందు ఆయన మొహం చూస్తారు. ఆయన మంచి మనిషే. కానీ ఎవరైనా కాస్త తడబడితే ఆ వాక్యం తానే పూర్తి చేసేస్తారు. బ్యాచ్ విడదీయమని పట్టుబట్టాలా, కలిపే నడపాలా? కారణం కూడా చెప్పండి.

హైదరాబాద్ టీచర్:
విడదీయాల్సిందే మేడమ్. వీళ్లంతా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లు. ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన పత్రాలు) ఇంగ్లీష్‌లోనే చదువుతారు, లాగ్‌బుక్ ఇంగ్లీష్‌లోనే రాస్తారు. మాట్లాడటం మాత్రం దానికి రెండు మెట్లు కింద ఉంటుంది. యూరప్‌లో 2001లో వచ్చిన సీఈఎఫ్‌ఆర్ అనే ఆరు స్థాయుల భాషా కొలత, ఏ1 నుంచి సీ2 దాకా ఉండేది, చదవడాన్నీ మాట్లాడటాన్నీ వేరువేరుగానే చూస్తుంది. ఆ రెండు మెట్లు ఎక్కాలంటే తప్పోఒప్పో పైకి మాట్లాడాలి. అప్రైజల్ రాసే మనిషి ముందు తప్పు మాట్లాడటానికి ఎవరు సిద్ధపడతారు?

క్యూఏ నుంచి:
నేను ఒప్పుకోనండీ, క్యూఏ (నాణ్యత హామీ విభాగం) వాణ్ని. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం దగ్గర నిలబడ్డ కుర్రాణ్ని నేరుగా అడుగుతాడు, పక్కనే మేమంతా ఉంటాం. క్లాసులో బాస్ ముందు నోరు పెగలని వాడికి ఆ రోజు పెగులుతుందా?

మా మాక్ ఆడిట్‌లో (నమూనా తనిఖీలో) జరిగింది చెబుతాను. బ్యాలెన్స్ (తూకం యంత్రం) రోజూ వెరిఫై చేస్తారా అని అడిగితే ఒకబ్బాయి ‘ఐ విల్ చెక్ డైలీ’ అన్నాడు. మనం ‘రోజూ చెక్ చేస్తాను’ అన్నా ‘రేపు చెక్ చేస్తాను’ అన్నా క్రియ ఒకటే. ఆ అలవాటుతో విల్ వచ్చేసింది. అడిగిన మనిషికి మాత్రం ‘ఇకనుంచి చేస్తాను’ అన్నట్టు వినిపిస్తుంది. ఇంకొకరిని ‘యూ డిడ్ నాట్ రీటెస్ట్?’ అంటే ‘యస్ సార్’ అన్నారు. ఆయన ఉద్దేశం ‘అవును, చేయలేదు’ అని. అవతలివాళ్లు చేశారనుకోవచ్చు. ఇలాంటివి అక్కడికక్కడ పట్టుకోగలిగేది ల్యాబ్ పని తెలిసిన మేనేజరే. చివర్లో ఎఫ్‌డీఏ లోపాలు రాసిచ్చే ఫారం 483లో అబ్జర్వేషన్ పడితే 15 పనిదినాల్లో జవాబు తయారుచేయాల్సిన బాధ్యతా ఆయన మీదే పడుతుంది. ఆయన్ని క్లాసు బయట ఉంచితే ఎలా?

సి షిఫ్ట్ అనలిస్ట్:
నేను అలాంటి బ్యాచ్‌లో కూర్చున్నవాణ్ని. సార్ ఉన్న రోజు మా నోట్లోంచి వచ్చేవి యస్ సార్, ఓకే సార్. సార్ మీటింగ్‌లో ఇరుక్కుని రాలేకపోయిన రోజు, ఎప్పుడూ వెనకాల కూర్చునే అక్క ఒకావిడ లేచి, రిజల్ట్ అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్ (ఉండాల్సిన పరిమితి దాటి) వస్తే ఏం చేయాలో మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీష్‌లో చెప్పింది. ముందు ఎవరికి చెప్పాలి, శాంపిల్ ద్రావణం ఎందుకు పారబోయకూడదు, రీటెస్ట్‌కి ఎవరి అనుమతి కావాలి, అన్నీ. టెన్సులు కలగాపులగమే. కానీ ఒక్క స్టెప్ కూడా వదల్లేదు. ఆవిడకి అంత వచ్చని మాకు అప్పటిదాకా తెలియదు.

క్యూఏ సార్, మీరు చెప్పిన ‘యస్ సార్’ ప్రమాదం నిజమే. కానీ ఆ అలవాటు మాకు ఎక్కడ పట్టుకుంది? ప్రశ్న అర్థం కాలేదని పెద్దవాళ్ల ముందు అనలేకపోవడం వల్లే కదా. ‘కుడ్ యూ రిపీట్ ద క్వశ్చన్, ప్లీజ్’ అని భయం లేకుండా అనడం మాకు ముందు రావాలి. అది సార్ లేని గదిలోనే వస్తుంది.

పరవాడ ట్రైనర్:
తమ్ముడు చెప్పింది చదివాక నాకు ఒకటి తోస్తోంది. ముందు విడిగా నడుపుతాను. తనిఖీ దగ్గర పడ్డాక మాక్ ఆడిట్ కోసం అందరినీ కలుపుతాను. అప్పుడు ప్రశ్నలు అడిగేది అనలిస్టులు, జవాబులు చెప్పేది ల్యాబ్ హెడ్ గారు. ఆయనా తడబడతారు, వాళ్లూ చూస్తారు.

క్యూఏ నుంచి:
విడి క్లాసులు సరే, చివర్లో తప్పకుండా కలుపుతానంటేనే. జూనియర్లు ఆయన్ని ప్రశ్నించడం మాత్రం నాకు నచ్చలేదు. రేపు ల్యాబ్‌లో ఆయన మాట చెల్లాలి కదా.

హైదరాబాద్ టీచర్:
ఆయన మాట చెల్లేది పని తెలిసినందుకండీ, ఇంగ్లీష్‌లో తడబడనందుకు కాదు. ముందుగా ఆయనతో ఒంటరిగా మాట్లాడి ఒప్పించండి మేడమ్, మొహమాటపడొద్దు. ఇంకొక ముఖ్యమైన సంగతి: హెచ్‌ఆర్ ప్రతి వారం మార్కులు మేనేజర్‌కి మెయిల్ చేయమంటుంది. హాజరు మాత్రమే ఇస్తానని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. మార్కులు ఆయనకి వెళ్తున్నాయని తెలిస్తే ఆ అక్క మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చుంటుంది.

పరవాడ ట్రైనర్:
మార్కులు ఇప్పటికే అడిగారండీ, ఇంకా పంపలేదు. సోమవారం హెచ్‌ఆర్‌తో కూర్చుంటున్నాను. బ్యాచ్ సంగతి కంటే ముందు ఇదే తేలుస్తాను.