బొగ్గుబాయిలో కాలం నెమ్మదిస్తుందా, లేక నెమ్మదించినట్టు అనిపిస్తుందా?

ప్రశ్న (భూపాలపల్లి, డిగ్రీ విద్యార్థి):

మా నాన్నగారు సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి పదవీ విరమణ పొందారు. పైన ఎనిమిది గంటలు ఇట్టే గడిచిపోతాయని, బాయిలోకి దిగితే అవే ఎనిమిది గంటలు ఎంతకీ తరగవని ఆయన ఎప్పుడూ అంటుంటారు. గురుత్వాకర్షణ ప్రభావం వల్ల లోతుకు వెళ్లేకొద్దీ గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఇటీవల పాఠంలో చదివాను. నాన్నగారి అనుభవానికీ ఐన్‌స్టైన్ సిద్ధాంతానికీ ఏమైనా సంబంధం ఉన్నదా? లేకపోతే ఆయనకు అలా ఎందుకు అనిపించినట్టు?

జవాబు (హనుమకొండ, భౌతికశాస్త్ర అధ్యాపకుడు):

మీరు చదివినది నిజమే. 2010లో అమెరికాలోని బౌల్డర్‌లో శాస్త్రవేత్తలు రెండు అల్యూమినియం అయాన్ గడియారాలలో ఒకదాన్ని కేవలం 33 సెంటీమీటర్లు పైకి జరిపి, ఆ కొద్దిపాటి ఎత్తుకే వాటి నడకలో వచ్చిన తేడాను కొలవగలిగారు. ఇక మన గని లోతు 300 మీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి కాంతి వేగపు వర్గంతో భాగిస్తే, ఒక ఎనిమిది గంటల షిఫ్టులో లోపలి గడియారం దాదాపు ఒక నానోసెకను, అంటే సెకనులో వందకోట్లవ వంతు, వెనకబడుతుందని తేలుతుంది. ముప్పై ఏళ్ల కొలువంతా లోపలే గడిపినా ఆ తేడా పది మైక్రోసెకన్లకు చేరదు.

పరిమాణం కంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది, దాన్ని చాలామంది గమనించరు. లోపలి గడియారం నెమ్మదించిందంటే, షిఫ్టు ముగిసేసరికి అది పైనున్న గడియారం కంటే తక్కువ సమయాన్ని చూపిస్తుంది. ఆ లెక్కన నాన్నగారికి గడిచిన కాలం తక్కువ కావాలి గాని ఎక్కువ కాకూడదు. పైగా గడియారంతో పాటు గుండె కొట్టుకోవడం, నాడీకణాలలోని రసాయన చర్యలు, చివరికి ఆలోచన కూడా అదే నిష్పత్తిలో నెమ్మదిస్తాయి కనుక, ఈ తేడా కోటి రెట్లు పెరిగినా లోపల ఉన్న మనిషికి ఏ మార్పూ తెలియదు. పైకి వచ్చి మరో గడియారంతో పోల్చుకున్నప్పుడే అది బయటపడుతుంది. కాబట్టి నాన్నగారి అనుభవానికి కారణాన్ని భౌతికశాస్త్రంలో వెతకనక్కరలేదు.

జవాబు (కరీంనగర్, మనస్తత్వశాస్త్రం బోధిస్తాను):

ధ్వనికి చెవి ఉన్నట్టు కాలానికంటూ ప్రత్యేకమైన ఇంద్రియం మనకు లేదు. గడుస్తున్న సమయం మీదే దృష్టి నిలిచినప్పుడు అది సాగినట్టుంటుంది, పని మీద నిలిచినప్పుడు కుంచించుకుపోయినట్టుంటుంది. భయం కూడా ఇందులో భాగమే. 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మనుషులను 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి వదిలారు. ఇతరులు పడుతుండగా చూసి అంచనా వేసిన సమయం కంటే తాము పడిన సమయాన్ని వారు 36 శాతం ఎక్కువగా లెక్కగట్టారు. అయినా చేతికి కట్టిన పరికరంలో వేగంగా మారే అంకెలను మామూలు కంటే మెరుగ్గా చదవలేకపోయారు. పడుతున్నప్పుడు వారి చూపు వేగం పెరగలేదు, ఆ క్షణాలు దట్టంగా గుర్తుండిపోవడం వల్ల సమయం ఎక్కువైనట్టు తరువాత అనిపించిందని ప్రయోగకర్తలు వివరించారు.

జవాబు (మంచిర్యాల):

దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటున్నది. ఫ్రాన్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్ 1962లో ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలో గడియారం లేకుండా రెండు నెలలు గడిపాడు. బయటికి వచ్చిన నాడు తేదీ సెప్టెంబరు 14, ఆయన లెక్కలో మాత్రం అది ఆగస్టు 20. సెకనుకు ఒకటి చొప్పున 120 వరకు లెక్కపెట్టమంటే అయిదు నిమిషాలు తీసుకున్నాడు. భూమి కింద చీకటిలో ఆయనకు కాలం తరిగిపోతే, గని కార్మికుడికి ఎందుకు పెరిగింది?

జవాబు (కరీంనగర్):

చాలా మంచి ప్రశ్న. సిఫ్ర్ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు, ఆయనకు షిఫ్టు ముగిసే వేళంటూ లేదు. పైగా ఒకేలా గడిచిన రోజులు జ్ఞాపకంలో విడివిడిగా నిలవవు కనుక వెనక్కి తిరిగి లెక్కిస్తే తక్కువ తేలుతాయి. గని కార్మికుడి దృష్టి పైకి వెళ్లే వేళ మీదే ఉంటుంది. గడుస్తుండగా కలిగే అనుభూతి, గడిచాక వేసే అంచనా రెండూ వేర్వేరు కాబట్టి, నాన్నగారిని ఈ రెండింటి గురించీ విడివిడిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు:

అడిగాను. అన్నిటికంటే గడవనివి బొగ్గు పేల్చిన తరువాత పొగ తగ్గేదాకా ఖాళీగా కూర్చున్న సమయాలేనట, చేతినిండా పని ఉన్నప్పుడు షిఫ్టు తెలియకుండానే అయిపోయేదట. మొత్తం కొలువును తలచుకుంటే మాత్రం అన్నేళ్లు పనిచేసినట్టే అనిపించదని, ప్రమాదాలు జరిగిన రోజులు తప్ప తక్కినవి ఒకదాని నుంచి ఒకటి విడదీయలేకపోతున్నానని అన్నారు.