చెరువు గట్టున పిల్లలతో పక్షుల బింగో: కార్డు ఎలా తయారు చేయాలి?

మియాపూర్_అమ్మ:
మా అపార్ట్‌మెంట్‌లో ఒక పది కుటుంబాలం డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకి వెళ్దాం అనుకుంటున్నాం. నాలుగేళ్ల పిల్లల నుంచి మా అత్తయ్యగారి వయసు వాళ్ల దాకా వస్తారు. ఊరికే తిరిగితే పిల్లలు అరగంటకే ఫోన్ అడుగుతారు, అందుకే పక్షులతో బింగో ఆడిద్దామని ఆలోచన, అంటే కార్డులో ఉన్న పక్షి కనిపిస్తే ఆ గడి కొట్టేయాలి, ఒక వరుస నిండితే గెలుపు. నెట్‌లో దొరికే కార్డుల నిండా కార్డినల్, చికడీ లాంటి అమెరికా పిట్టలే. సొంతంగా చేసుకోవాలంటే ఎన్ని గళ్లు పెట్టాలి? ఏ పక్షులు పెట్టాలి? అందరికీ ఒకటే కార్డు ఇవ్వొచ్చా?

తీతువు:
అందరికీ ఒకటే కార్డు మాత్రం ఇవ్వకండి. హౌసీలో అయితే నంబర్ పిలిచేవాళ్లు ఉంటారు, ఎవరి టికెట్ వాళ్లది. ఇక్కడ పక్షి వచ్చిందంటే గుంపు మొత్తానికీ ఒకేసారి కనిపిస్తుంది, కార్డులు ఒకేలా ఉంటే అందరూ ఒకేసారి గెలుస్తారు, ఇక మజా ఏముంది? పక్షులు అవే ఉంచి గళ్లు తారుమారు చేయండి. నలుగురైదుగురిని ఒక జట్టు చేసి, జట్టుకో కార్డు ఇవ్వండి.

నాలుగు నిలువు, నాలుగు అడ్డం చాలు. ఆ పదహారింటిలో నాలుగు కష్టమైన పక్షులు పెట్టి, ఏ వరుసలోనూ రెండు పడకుండా ఒక్కొక్కటే వచ్చేలా సర్దండి, అడ్డంగా చూసినా నిలువుగా చూసినా. అప్పుడు ఏ లైన్ కొట్టాలన్నా ఒక కష్టమైన పక్షి దొరకాల్సిందే. ఐమూలగా వచ్చే లైన్లు లెక్కలోకి తీసుకోవద్దు. ఇది చూసుకోకపోతే కాకి, పావురం, గోరింక, గద్ద ఒకే వరుసలో పడి, బండ్లు పెట్టే చోటే ఆట అయిపోతుంది.

చలికాలానికి నేనైతే తేలికవి కాకి, గోరింక, పావురం, గద్ద, తెల్లకొంగ, గుడ్డికొంగ పెడతాను. మధ్యరకం నీటికాకి, బాతు, రామచిలుక, పికిలిపిట్ట, తేనెపిట్ట, తీతువు. కష్టమైనవి పాలపిట్ట, కుకుడుగువ్వ, జెముడుకాకి, నలుపు తెలుపు లకుముకి. ఈ లకుముకిని పిల్లలకు తప్పకుండా చూపించండి, నీళ్ల పైన గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి ముక్కు కిందికి పెట్టి దబ్బున దూకుతుంది. గుడ్డికొంగ దగ్గర జాగ్రత్త. గట్టున కూర్చున్నప్పుడు మట్టి రంగులో కలిసిపోతుంది, ఎగిరితే రెక్కలు తెల్లగా మెరుస్తాయి, పిల్లలు అదే పక్షికి రెండు గళ్లు కొట్టేస్తారు. కోకిలని ఎండాకాలం కార్డుకి దాచుకోండి, ఇప్పుడు పెద్దగా కూయదు.

సూళ్లూరుపేట_మాస్టారు:
పైన చెప్పిన లెక్క బాగుంది. నేను బడి పిల్లలతో ఆడిస్తాను కాబట్టి ఒక మాట కలుపుతాను. అన్ని గళ్లలోనూ పేర్లే వద్దు, ఒకటి రెండు తేలికవి తీసేసి "ముక్కులో పుల్ల పట్టుకున్న పిట్ట", "రెక్కలు ఆరబెట్టుకుంటున్న పక్షి" లాంటివి రాయండి. రెండోదానికి నీటికాకిని కాసేపు గమనిస్తే చాలు. పేరు తెలియని పిల్లాడు కూడా అలా కళ్లు పెట్టి చూస్తాడు. మా వైపు నేలపట్టులో గూడబాతులు నీళ్లలోని కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి, అక్కడికి తీసుకెళ్లినప్పుడు "పిల్లకు తిండి పెడుతున్న గూడబాతు" అని ఒక్క గడి పెడితే చాలు, గంటసేపు కదలరు. ఏ ఊరి కార్డు ఆ ఊరిదే, మీది మాకు పనికిరాదు, మాది మీకు పనికిరాదు.

చదవడం రాని చిన్నపిల్లలకు తొమ్మిది గళ్లు, బొమ్మలతో. బొమ్మల గీతలు జిరాక్స్ తీయించి, ముందు రోజు రాత్రి ఇంట్లో వాళ్లచేతే రంగులు వేయించండి. పొద్దున కనిపించిన పిట్టను ఠక్కున గుర్తుపడతారు. కింద అట్ట పెట్టి పెన్సిల్ దారంతో కట్టేయండి, గళ్ల మీద చింతపిక్కలు పెట్టించకండి, గాలికి కార్డు ఎగిరితే అవి ఎటు పోతాయో తెలియదు.

వేపచెట్టు:
మీ అత్తయ్యగారి లాంటివాళ్ల కోసం "వినిపించింది" అని రెండు గళ్లు పెట్టండి అక్కా. పల్లెల్లో పెరిగినవాళ్లు కూత వినగానే అదేంటో చెప్పేస్తారు, ఆ జట్టులో పడాలని పిల్లలు పోటీపడతారు. గడి కొట్టాలంటే జట్టులో కనీసం ఇద్దరు చూసి గానీ విని గానీ ఉండాలి, లేకపోతే గొడవలే.

నియమాలు మాత్రం ముందే గట్టిగా చెప్పండి. రాళ్లు వేయడం, తరమడం, గూటి దగ్గరికి వెళ్లడం చేస్తే అప్పటికి కొట్టిన గళ్లలో ఒకటి రద్దు. ఫోన్‌లో కూత పెట్టి పిట్టను రప్పించడం అసలే వద్దు, అది ఇంకో పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని బెదిరిపోతుంది. స్వేచ్ఛగా ఉన్న పక్షికే గడి. దసరాకి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే పాలపిట్టను చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది, పిల్లలకు ఆ తేడా ఇక్కడే చెప్పండి. తీగ మీద కూర్చున్నప్పుడు మామూలు గోధుమరంగు పిట్టలా ఉంటుంది, రెక్క విప్పాక ఆ నీలం చూడమనండి.

మియాపూర్_అమ్మ:
చాలా థ్యాంక్సండీ అందరికీ. మరి తెలియని పక్షి కనిపిస్తే ఎలా? పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ వాడొచ్చా?

తీతువు:
వాడొచ్చు, పక్షుల్ని గుర్తుపట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లో మన దేశం ప్యాక్ ఇంట్లోనే దించుకుని రండి, అక్కడ సిగ్నల్ ఎలా ఉన్నా పనిచేస్తుంది. అది చెప్పిన పేరును కళ్లతో సరిచూసుకున్నాకే ఒప్పుకోండి. మీవాళ్లకు నచ్చితే ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని అందరూ కలిసి పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం నాలుగు రోజులు జరుగుతుంది, కనీసం 15 నిమిషాలు చూసి, చూసిన పక్షుల జాబితాలు పెట్టే ఈబర్డ్‌లో ఎక్కిస్తే చాలు, మీ అపార్ట్‌మెంట్ మేడ మీద నుంచైనా చేయొచ్చు. అప్పటికి ఇంకో కార్డు కావాలంటే అడగండి, కలిసి చేద్దాం.