విజయవాడ ఎండల్లో స్నేహితురాలి కుందేలును చూసుకోవడం ఎలా?

ప్రశ్న:
నా స్నేహితురాలు ఊరికి వెళ్తూ తన కుందేలును మొగల్రాజపురంలోని మా ఇంట్లో ఉంచింది. పగలు 40 డిగ్రీలు దాటుతోంది, మాకు ఏసీ లేదు. చల్లదనం కోసం దానికి స్నానం చేయించవచ్చా? క్యారెట్లు ఎన్ని పెట్టాలి?

మొదటి జవాబు:
దయచేసి స్నానం చేయించకండి, ఆ భయమే దాని ప్రాణం మీదికి తేవచ్చు. కుందేలుకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు దాదాపు లేదు. అది వేడిని చాలావరకు చెవుల ద్వారానే వదులుతుంది కాబట్టి, 30 డిగ్రీలు దాటితేనే దానికి ప్రమాదం మొదలవుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో గచ్చు మీద వదిలి, గడ్డకట్టిన నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, తడిచేత్తో చెవులు నిమరండి.

రెండో జవాబు:
ఆహారంలో అధికభాగం ఎండుగడ్డే ఉండాలి. మన వైపు సులువుగా దొరికే వరిగడ్డిలో పోషకాలు తక్కువ కనుక, మీ స్నేహితురాలు వాడే గడ్డినే తెప్పించుకోండి. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, చిన్న ముక్క చాలు.

ప్రశ్న అడిగినవారు:
పొద్దున్నుంచి అది గడ్డి ముట్టలేదు, పెంటికలు కూడా వేయలేదు. రేపటి వరకు చూడవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
చూడకండి. కుందేలు పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి; 12 గంటలు తినకపోతే ప్రాణాపాయమే. ఈ రోజే పశువైద్యుడికి చూపించండి. కుందేళ్లకు వైద్యం చేస్తారో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే కుక్కలకు గోమార్ల కోసం వాడే ఫిప్రోనిల్ వంటి మందులు కుందేళ్లకు విషం.