పైగదిలో వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ ఆడటం లేదు, కేబుల్ పెడితే 94 దాటడం లేదు

డాబాగది:
నమస్కారం అండీ. ఫైబర్ కనెక్షన్, 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా) కింద హాల్లో టీవీ వెనక ఉంది, వైఫై కూడా అందులోనిదే. ఇబ్బందులు ఇవీ. పైగదిలో ల్యాప్‌టాప్‌కి మూడు గీతలు చూపిస్తుంది, పగలు బాగానే ఉంటుంది, రాత్రి 8 దాటితే వీడియో ఆగి ఆగి వస్తుంది. డెస్క్‌టాప్‌కి సీపీయూ వెనక యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఉంది, పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ నెట్ పోతుంది. కింద ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ గుచ్చినా స్పీడు 94 దగ్గర ఆగుతుంది. పాత రౌటర్ ఒకటి ఉంది కదా అని పైకి కేబుల్ లాగి కలిపితే కింద ఫోన్లలో కూడా నెట్ పోయింది. కస్టమర్ కేర్ వాళ్లు రీస్టార్ట్ చేయమనడం తప్ప ఏమీ చెప్పరు. రెండు కంప్యూటర్లూ విండోస్ 11.

పింగురాయుడు:
నాలుగూ వేరువేరు జబ్బులు, ఒకే మందు వెతక్కండి. ముందు రాత్రి సమస్య. గీతలు చెప్పేది రౌటర్ సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో, అంతే. రౌటర్ వాడే ఛానెల్, అంటే రేడియో దారి, ఖాళీగా ఉందో లేదో, ఓఎన్‌టీ అవతల లైను బాగుందో లేదో వాటికి తెలియదు.

రాత్రి ఆగుతున్నప్పుడే పైగదిలో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీల్లో తెరవండి. ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొడితే డీఫాల్ట్ గేట్‌వే, అంటే మీ ఓఎన్‌టీ అడ్రస్, కనిపిస్తుంది, మామూలుగా 192.168.1.1. ఒక కిటికీలో దానికి, రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్) పెట్టండి. చివర మైనస్ టీ (-t) తగిలిస్తే ఆపేదాకా నడుస్తుంది. గేట్‌వే 10 మిల్లీసెకన్ల లోపు నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రం ఎగిరిపడుతుంటే తప్పు లైనుది. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్‌తోనే ఫిర్యాదు చేయండి. గేట్‌వే పింగే వందలు దాటుతున్నా, టైమ్డ్ అవుట్ అంటున్నా తప్పు మీ ఇంట్లో గాలిది, అంటే వైఫైది, ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. రెండూ బాగుండి పేజీలు మాత్రం తెరుచుకోకపోతే తప్పు డీఎన్ఎస్‌ది, అంటే సైటు పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే సర్వర్‌ది. అడాప్టర్ సెట్టింగ్స్‌లో 1.1.1.1 వేసి చూడండి.

క్రింపర్:
94 సంగతి నేను చెప్తా. ఆ అంకె చూడగానే అర్థమైపోతుంది: లింకు 100 దగ్గర కుదిరింది, డేటా ప్యాకెట్ల హెడర్లు (చిరునామా వగైరా) పోగా మిగిలేది అదే. సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి, 100/100 అని ఉంటుంది. 1000/1000 రావాలి.

కారణాలు ఎక్కువగా రెండే. ఒకటి పోర్టు. ఓఎన్‌టీ వెనక జీఈ అని రాసింది గిగాబిట్, ఎఫ్ఈ అని రాసింది 100. చాలా డబ్బాల్లో జీఈ ఒక్కటే ఉంటుంది, కేబుల్ అందులోనే పెట్టాలి. రెండోది కేబుల్. 100కి 1, 2, 3, 6 పిన్నుల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. మిగతా నాలుగింట్లో ఒక్క తీగ తెగినా లింకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పారదర్శకంగా ఉండే జాక్ అయితే వెలుతురులో పట్టి తీగలు లెక్కపెట్టండి.

మళ్లీ క్రింప్ చేస్తే (జాక్ కొత్తగా బిగిస్తే), క్లిప్పు కిందికి, కేబుల్ దూర్చే చివర మీవైపు పెట్టుకుని ఎడమ నుంచి వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే. జత మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పకండి. పైకి లాగే కేబుల్ క్యాట్ 5ఈ అయినా సరే, కానీ అచ్చ రాగిదే కొనండి. రాగి పూత వేసిన అల్యూమినియం చవకే గానీ రెండుసార్లు వంచితే లోపల విరుగుతుంది.

పింగురాయుడు:
డెస్క్‌టాప్ మర్చిపోయా. అది హార్డ్‌డిస్క్ పనే. యూఎస్‌బీ 3 డేటా నడుస్తుంటే పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ పడుతుంది, పక్కనే ఉన్న డాంగిల్‌కి చెవులు మూసుకుపోతాయి. డాంగిల్‌ని ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో టేబుల్ మీదికి తేండి, లేదా 5 గిగాహెర్ట్జ్ కి మార్చండి. డ్రైవర్లు, విండోస్ రీఇన్‌స్టాల్ జోలికి పోవద్దు. కాపీ లేనప్పుడు కూడా పోతుంటే డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, పవర్ ఆదాకి దాన్ని ఆపేయనిచ్చే టిక్ తీసేయండి.

నెట్‌బాబాయ్:
ఇంత తంటా ఎందుకు, పైన ఒక రిపీటర్ పెడితే సరి కదా?

యాక్సెస్‌పాయింట్:
కేబుల్ లాగలేని ఇంట్లో అయితే సరే. రిపీటర్ ఒకే బ్యాండ్ మీద విని, మళ్లీ అదే బ్యాండ్ మీద చెప్పాలి, స్పీడు దాదాపు సగం అక్కడే పోతుంది. ఈయన దగ్గర కేబుల్ ఉంది, రౌటర్ ఉంది. పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే ఇచ్చే డబ్బాగా మారిస్తే చాలు.

డాబాగది గారూ, మీరు కలిపినప్పుడు జరిగింది ఇదీ: పాత రౌటర్ అడ్రస్ కూడా 192.168.1.1 అయి ఉంటుంది, అదీ డీహెచ్‌సీపీతో అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. కొన్ని ఫోన్లు దాన్నే గేట్‌వే అనుకున్నాయి, దానికేమో బయటికి దారి లేదు.

ముందు ఓఎన్‌టీతో సంబంధం లేకుండా ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే కేబుల్‌తో పాత రౌటర్‌కి కలపండి, ల్యాప్‌టాప్ వైఫై ఆపండి. పాత రౌటర్ లాన్ (ఇంటి లోపలి) అడ్రస్ 192.168.1.2కి మార్చి సేవ్ చేయండి. ఆ కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయ్యాక డీహెచ్‌సీపీ ఆపండి. ఈ వరుస తప్పితే లాగిన్ పేజీయే దొరక్కపోవచ్చు. ఆపిన వెంటనే ల్యాప్‌టాప్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ రావచ్చు, కంగారు పడకండి, అడ్రస్ ఇచ్చేవాళ్లు లేరని అర్థం. తర్వాత కేబుల్‌ని ఓఎన్‌టీ లాన్ పోర్టు నుంచి పాత రౌటర్ లాన్ పోర్టుకే పెట్టండి. వాన్ (బయటి లైను) పోర్టు ఖాళీగా వదిలేయండి. ఓఎన్‌టీ పంచే అడ్రసులు 192.168.1.10 నుంచి మొదలయ్యేలా సరిచేస్తే 1.2 ఇంకెవరికీ వెళ్లదు. మెనూలో ఏపీ (యాక్సెస్ పాయింట్) మోడ్ అని ఉంటే ఇదంతా అదే చేసుకుంటుంది.

డాబాగది:
రాత్రి చూశానండీ. గేట్‌వే పింగే 300 దాకా పోతోంది, మధ్యమధ్య టైమ్డ్ అవుట్. ల్యాప్‌టాప్ 2.4 మీదే ఉంది, ఛానెల్ 3. జీఈ పోర్టుకి మార్చగానే లింకు 1000 అయింది. పాత రౌటర్ పోర్టులు మాత్రం 10/100 అట. వేస్టేనా?

యాక్సెస్‌పాయింట్:
వేస్ట్ కాదు. పైన 94 వస్తుంది, 4K వీడియోకి 25 ఎంబీపీఎస్ చాలు. ఛానెల్ 3 మాత్రం మార్చాలి. 3, 4 ఖాళీగా కనిపిస్తాయి గానీ 1 మీద ఉన్నవాళ్లూ, 6 మీద ఉన్నవాళ్లూ రెండువైపులా తగులుతారు. అందరూ ఇంటికి చేరే రాత్రివేళ ఆ తాకిడి బయటపడుతుంది. 2.4లో 1, 6, 11 మాత్రమే, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. కింద 1 పెడితే పైన 6 లేదా 11. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే ఉంచండి. ఓఎన్‌టీలో 5 గిగాహెర్ట్జ్ ఉంటే హాల్లో వాళ్లని దానిమీదికి పంపండి. అది శ్లాబు దాటి పైకి సరిగా రాదు, పక్కింటి వాళ్లదీ మీ దాకా అంతగా రాదు.

క్రింపర్:
ముందుముందు కొత్త రౌటర్ కొంటే డబ్బా మీది ఏసీ1200 చూసి మోసపోకండి. అది 2.4 బ్యాండ్ 300, 5 బ్యాండ్ 867 కలిపి చెప్పే వైఫై లెక్క, వాటిలో చాలావాటికి పోర్టులు 100వే. గిగాబిట్ పోర్టులు అని విడిగా రాసి ఉండాలి.

ఓఎన్‌టీని టీవీ వెనక నుంచి తీసేటప్పుడు సన్న ఫైబర్ తీగని మడత పడనీయకండి. ఎల్ఓఎస్ లైటు (ఫైబర్ సిగ్నల్ పోయిందని చెప్పేది) ఎర్రగా వెలిగితే సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, లైన్‌మన్ రావాల్సిందే. సూదితో నొక్కే రీసెట్ గుంత జోలికి అస్సలు వెళ్లకండి, ఆపరేటర్ వేసిన లాగిన్, వీలాన్ లాంటి లైను సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.