ఈసీజీ నార్మల్ అన్నారు, కానీ ఇంట్లో ఇద్దరికి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చింది: నేను ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ప్రశ్న (స్వస్థలం భీమవరం దగ్గరి పల్లె, ప్రస్తుతం హైదరాబాదు)

నా వయసు 36. మా నాన్నగారికి 49వ ఏట గుండెపోటు వచ్చింది, ఆ తరువాత నాలుగేళ్లకు మించి బతకలేదు. మొన్న సంక్రాంతికి ఊళ్లో ఉన్నప్పుడు 41 ఏళ్ల మా అన్నయ్యకు తెల్లవారుజామున ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకొని సోడా తాగి రెండు గంటలు పడుకున్నాడు. చెమటలు ఆగకపోవడంతో అప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాం, స్టెంటు వేశారు.

ఆ భయంతో నేను కూడా ఒకచోట పూర్తి ఆరోగ్య పరీక్షలు చేయించుకున్నాను. ఈసీజీ, ఎకో నార్మల్. బీపీ 138/88, పరగడుపు షుగర్ 108, చెడు కొవ్వు అనే ఎల్‌డీఎల్ 142, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. గుండె బాగుందని ఒక్క మాట చెప్పి పంపించారు. నాకు సిగరెట్ అలవాటు లేదు, అయితే రోజంతా కూర్చొని చేసే పని. ఇంకా ఏ పరీక్షలు అవసరం? ఈ వయసులో మాత్రలేమిటని బంధువులు అంటున్నారు, అది నిజమేనా? మరొక సంగతి: 63 ఏళ్ల మా అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఈ మధ్య రెండు వీధులు నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయి, కాసేపు నిలబడితే తగ్గుతోంది. మోకాళ్ల అరుగుదల అనుకుంటున్నాం.

జవాబు 1 (జనరల్ మెడిసిన్ వైద్యుడు, వరంగల్)

ముందుగా ఈసీజీ గురించి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క కాగితాన్ని నమ్మి ఎందరో ఏళ్లకేళ్లు పోగొట్టుకుంటున్నారు. విశ్రాంతిలో తీసిన ఈసీజీ గుండె లయను, ఇప్పటికే జరిగిన నష్టాన్ని చూపగలదు గానీ, రక్తనాళాల గోడల్లో మెల్లగా పేరుకుంటున్న కొవ్వును చూపలేదు. చాలా గుండెపోట్లు నాళాన్ని సగం కూడా మూయని కొవ్వు పొర ఒక్కసారిగా చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. అంతకు ముందురోజు ఈసీజీ తీసినా నార్మల్‌గానే ఉండవచ్చు. అందువల్ల మీ రిపోర్టులో నేను ముందుగా చూసేది ఈసీజీని కాదు, మీరు రాసిన ఆ నాలుగు అంకెలను.

వాటిలో ఏ ఒక్కటీ విడిగా భయపెట్టేంత పెద్దది కాదు, కానీ నాలుగూ గీత మీద గానీ గీత దాటి గానీ ఉన్నాయి. షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ. మన పురుషులకు నడుము 90 సెంటీమీటర్లలోపు ఉండాలి, స్త్రీలకు 80. వీటికి తోడు తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు రావడాన్ని వైద్యశాస్త్రం ప్రత్యేక ప్రమాదంగా లెక్కిస్తుంది. మీ ఇంట్లో అది రెండుసార్లు జరిగింది. 2004లో ప్రచురితమైన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల రోగులను పరిశీలించినప్పుడు, దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు ఇతరులకంటే సుమారు ఆరేళ్లు ముందుగా, 53 ఏళ్ల ప్రాంతంలో వస్తున్నట్టు తేలింది. పొగాకు, కొవ్వులు, రక్తపోటు, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం వంటి తొమ్మిది అంశాలే ఆ ప్రమాదంలో దాదాపు 90 శాతానికి కారణమని కూడా అదే అధ్యయనం చూపింది. వీటిలో అత్యధికం మన చేతిలో ఉన్నవే.

ఇక పరీక్షలు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. లైపోప్రొటీన్-ఎ అనే పరీక్షను జీవితంలో ఒక్కసారైనా తప్పక చేయించండి. రక్తంలోని ఆ కొవ్వు కణం చాలావరకు వంశపారంపర్యం, ఆహారంతోనో నడకతోనో పెద్దగా మారదు, మనవాళ్లలో ఎక్కువమందికి హెచ్చుగా ఉంటుంది, మామూలు కొవ్వు పరీక్షలో కనిపించదు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే మిగిలిన అంకెల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. గుండె నాళాల్లో గట్టిపడిన కొవ్వు పొరలను స్కానింగ్‌తో కొలిచే సీటీ కాల్షియం స్కోరు గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. నలభై దాటాక అది ఉపయోగపడవచ్చు గానీ, మీ వయసులో కొవ్వు పొరలు ఇంకా గట్టిపడి ఉండవు కాబట్టి సున్నా వచ్చినా దానిని అభయంగా భావించకూడదు.

మాత్రల విషయంలో మీ బంధువులతో నేను ఏకీభవించలేను. ఎల్‌డీఎల్ ప్రతి 39 మిల్లీగ్రాములు తగ్గినకొద్దీ గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు సుమారు ఐదో వంతు తగ్గుతాయని కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలపై జరిగిన పెద్ద పరిశోధనలన్నీ చెబుతున్నాయి. మీకు ఆ మాత్ర ఇప్పుడే అవసరమా, లేక ఆహారం, వ్యాయామంతో మూడు నెలలు చూడవచ్చా అన్నది మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడు నిర్ణయించాలి. వయసును మాత్రమే చూసి వద్దనడం మాత్రం పొరపాటు.

మీ అమ్మగారి విషయంలో ఆలస్యం చేయవద్దు. నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గడం కాళ్ల రక్తనాళాలు పూడుకుపోతున్నాయనడానికి ముఖ్యమైన సూచన. మోకాళ్ల అరుగుదల నొప్పి సాధారణంగా కీలు దగ్గరే ఉంటుంది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించే పరీక్ష ఒకటుంది, 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే జబ్బు ఉన్నట్టే. దీర్ఘకాలం షుగర్ ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఆ అంకె తప్పుగా ఎక్కువ చూపవచ్చు కనుక నాళాల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ కూడా అడగండి. కాలి నాళాలు పూడుకున్నవారికి గుండె, మెదడు నాళాల్లోనూ అదే జబ్బు ఉండే అవకాశం చాలా ఎక్కువ. పాదాలపై పుండ్లు ఉన్నాయేమో ఈ రోజే చూడండి.

జవాబు 2 (గృహిణి, విజయవాడ)

మా వారికి 2019లో స్టెంటు వేశాక ఉప్పు తగ్గించమన్నారు. అందరు వైద్యులూ ఆ మాట చెబుతారు, ఎలా తగ్గించాలో తెలియక ఏడాది గడిచిపోయింది. చివరికి నాకు దారి చూపింది చిన్న లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం మనిషికి రోజుకు 5 గ్రాములలోపు, అంటే నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు, బయటి తిండి అన్నీ అందులోనే. మా ఇంట్లో కూరలకే కిలో ప్యాకెట్టు అయిపోయేది, జాడీలో ఆవకాయ దానికి అదనం. ఇప్పుడు నెల మొదట్లో తూచి ఒక సీసాలో పోసుకుంటాను, మధ్యలో అయిపోతే ఎక్కడ ఎక్కువ వేశానో నాకే తెలుస్తుంది. మజ్జిగలోనూ, అన్నం ఉడికేటప్పుడూ ఉప్పు వేయడం పూర్తిగా మానేశాం. మొదటి మూడు వారాలు చప్పగా అనిపించింది, తరువాత నాలుక అలవాటు పడింది.

నూనెకూ అదే పద్ధతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు మనిషికి 27 గ్రాములు, నలుగురికి నెలకు మూడు కిలోలకు కాస్త ఎక్కువ. మేము ఆరు వాడేవాళ్లం. బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం ఇంట్లో మానినా, బండి మీద తింటే ఫలితం అంతే. అన్నాన్ని పూర్తిగా మానిపించాలని చూసి నేను ఓడిపోయాను. సగానికి తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర పెడితే ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

జవాబు 3 (ఏఎన్ఎం, నల్గొండ జిల్లా)

138/88 ఒక్కసారి చూసిన బీపీ. ఆసుపత్రి మెట్లెక్కి వచ్చి వెంటనే చూపించుకుంటే ఎవరికైనా పెరుగుతుంది. చేతికి సరిపోని చిన్న పట్టీ కట్టినా ఎక్కువ చూపిస్తుంది. మంచి డిజిటల్ యంత్రంతో ఇంట్లోనే, వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చొని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు రాసుకోండి. దానికి అరగంట ముందు కాఫీ తాగవద్దు. ఇంట్లో సగటు 135/85 దాటితే అది నిజమైన అధిక రక్తపోటే.

30 దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు మా ఉపకేంద్రాల్లోనూ, పల్లె దవాఖానాల్లోనూ, నగరంలోని బస్తీ దవాఖానాల్లోనూ ఉచితంగా చేస్తారు. ఇంటింటికీ తిరిగినప్పుడు మాకు ఎక్కువగా ఎదురయ్యే మాట "నాకేమీ నొప్పి లేదమ్మా" అన్నదే. బీపీ సాధారణంగా నొప్పి పెట్టదు. ఒక నెల మాత్రలు వేసుకొని, అంకె తగ్గగానే మానేసి, ఆ తరువాత పక్షవాతంతో మంచాన పడ్డవారిని నేను చూశాను. అందుకే మాత్ర ఆపాలనిపిస్తే ముందు మా దగ్గరకు వచ్చి చూపించుకోమని ప్రతి ఇంట్లోనూ బతిమాలుతాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మను సోమవారం రక్తనాళాల వైద్యునికి చూపిస్తున్నాం. ఇంటికి బీపీ యంత్రం తెచ్చాను, మూడు రోజుల సగటు 136/87 ఉంది. అన్నయ్యకు 14, 10 ఏళ్ల పిల్లలు ఉన్నారు. వాళ్లకూ కొవ్వు పరీక్ష చేయించాలా?

జవాబు 1 ఇచ్చిన వైద్యుడు

ఇద్దరికీ చేయించండి, పరగడుపున ఉండాల్సిన అవసరం కూడా లేదు. దానితో పాటు మీ అన్నయ్య ఆసుపత్రిలో చేరిన రోజు, మాత్రలు మొదలుకాకముందు తీసిన రక్తపరీక్ష కాగితాన్ని వెతకండి. ఇప్పటి అంకె మాత్రల వల్ల తగ్గి ఉంటుంది కాబట్టి అది మనకు పనికిరాదు. ఆనాటి ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే, పుట్టుకతోనే కొవ్వు హెచ్చుగా ఉండే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి అది ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అప్పుడు పిల్లలకు చికిత్స ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పిల్లల వైద్యునితో కూర్చొని మాట్లాడవలసి ఉంటుంది. కాగితం దొరికితే ఆ అంకె ఇక్కడ రాయండి.